అరిష్టాల పట్టీ

"ఇది మందా, మద్యమా? ఇవాళ తేలిపోవాలి," అంటూ ఇన్‌స్పెక్టరు కృపారావు గున్నమ్మ మిలట్రీ హోటల్లో బల్లమీద టోపీ పెట్టాడు.

బల్లకి అవతల నిలబడ్డ వైద్యులు జగన్నాధంగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

అది అరవై ఏడో సంవత్సరం. మద్యనిషేధం కాలం. కళింగపట్నంలో కల్లు చుక్క దొరకదు. సారా పేరెత్తితే సంకెళ్ళు. ఆయుర్వేదం మందులకి మాత్రం అడ్డు లేదు. నెల్లాళ్ళు కుండలో మగ్గే అరిష్టాల్లో కాస్త మత్తు ఉంటుందని ఎవడు కనిపెట్టాడో గాని, ఒంట్లో ఏ రోగమూ లేనివాళ్ళంతా జగన్నాధంగారి కొట్టు ముందు బారులు తీరారు. నిజంగా దగ్గొచ్చినవాడు ఆ జనంలో దూరలేక శ్రీకాకుళం ఆసుపత్రికి పోయేవాడు.

గున్నమ్మ ఊరుకుంటుందా? ఆ కొట్టుని ఆనుకునే వేటమాంసం హోటలు పెట్టింది. గోడకి నల్లబల్ల కొట్టించి, ఇడ్లీ దోసెల పట్టీలాగా అరిష్టాల పట్టీ రాయించింది. ద్రాక్షారిష్టం అర్ధరూపాయి, దశమూలారిష్టం ముప్పావలా... మొత్తం ఐదు రకాలు. చివర్న అశోకారిష్టం. అది ఆడవాళ్ళ మందని తెలిసీ మీసాలు తిప్పుకుంటూ తాగేవారు. జగన్నాధంగారు వద్దని చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు.

ఆ పట్టీకి తీర్పరి సరంగు దాలయ్య. దొరల ఓడమీద రంగూను దాకా వెళ్ళొచ్చినవాడు. ఏడు సముద్రాల సారా రుచి చూశానంటాడు. సీసా మూత తీస్తే చాలు, అది పోసిన రోజు వాన పడిందో లేదో చెప్పేస్తాడని ఊళ్ళో వాడుక. వేట ఇగురుకి ఏది నప్పుతుంది, రొయ్యల వేపుడుకి ఏది దిగుతుంది, ఏది పెట్టిన డబ్బుకి తగినది, అన్నీ అతను చెప్పాల్సిందే.

"సీసాలు పరీక్షకి పంపితే ఆర్నెల్లు పడుతుంది," అన్నాడు కృపారావు. "నేనా, మిషను చర్చి మనిషిని. నాలిక మీద చుక్క వేసుకోను. రుచి తెలిసినవాడు ఊళ్ళో ఎవడున్నాడు?"

హోటల్లో మూగిన జనంలోంచి నలభై చేతులు ఒక్కసారి దాలయ్యని చూపించాయి.

దాలయ్య ముందుకి పోతూ వైద్యులుగారి చెవిలో అన్నాడు. "బెంగెట్టుకోకండి బాబూ. అయిదూ తాగీసి ఉత్త కసాయమని సెప్పీత్తాను. నా మాట కాదన్నోడెవుడు?"

జగన్నాధంగారికి కాస్త ఊపిరి వచ్చింది.

మొదటి గ్లాసు తాగి దాలయ్య మూతి ముడిచాడు. "కసాయం బాబూ. సేదు."

రెండోది తాగాడు. "ఇదీ కసాయమే."

కృపారావు నవ్వాడు. "అయితే అర్ధరూపాయి దానికీ ముప్పావలా దానికీ తేడా లేదన్నమాట. రంగూను సరంగునని చెప్పుకుంటావు, నీ నాలిక్కేం తెలుస్తుందిలే!"

అంతే. దాలయ్య మీసం అదిరింది.

"ఏటన్నారూ? నా నాలిక్కి తెల్దా? ఇనుకోండి. ఈ ద్రాచ్చ ఉన్నాది సూడండి, గొంతులో పిల్లిలాగ దిగుతాది. కడుపులోకెల్లీసరికి పులైపోతాది. దశమూలం అలాగ కాదు. ముందు కాళ్ళు పట్టీసుకుంటాది, తరవాత తలకెక్కుతాది. ముప్పావలాకి రెండు రూపాయల పని సేస్తాది!"

వైద్యులుగారు కళ్ళతో బతిమాలారు. చేత్తో సైగ చేశారు. గట్టిగా దగ్గారు. గున్నమ్మ గరిటె కాడతో దాలయ్య డొక్కలో పొడిచింది.

"ఓరి దాలిగా, నోరు ముయ్యరా! బాబుని జైల్లో ఎట్టీసేలాగున్నావు!"

"నువ్వుండవే గున్నమ్మా! దొరల ఓడమీద కూడా ఇలాటి సరుకు నాను తాగనేదు!"

మూడోదానికి రంగూను పాట ఎత్తుకున్నాడు. నాలుగోదానికి ఇన్‌స్పెక్టర్ని "మావా!" అని కావిలించుకుని బోరుమన్నాడు. ఐదోది అశోకారిష్టం. అది దిగగానే, "ఓలమ్మో, సంద్రం లోపలికొచ్చీసినాది!" అంటూ చాపమీద వెల్లకిలా పడ్డాడు.

జనమంతా చప్పట్లు కొట్టారు. తమ ఊరి సరుకు అంతటిదైనందుకు వాళ్ళకి ఎంత గర్వమో!

కృపారావు కాగితం తీశాడు. "కళ్ళారా చూశాను, వైద్యులుగారూ. అయినా మీ మాట కూడా రాసుకోవడం ధర్మం. మద్యం కాదంటారా, ఈ సీసాల్లో ఏమేం వేశారో, ఎలా చేశారో, ఇక్కడే వీళ్ళందరి ముందూ పైకి చెప్పండి. నాకు నమ్మకం కుదిరితే దండం పెట్టి వెళ్ళిపోతాను. మద్యమే అంటారా, ఆర్నెల్లు జైలు, కొట్టుకి తాళం."

జగన్నాధంగారు నోరు తెరిచారు. భార్య నీలవేణి, ముగ్గురు పిల్లలు కళ్ళముందు తిరిగారు. ఒక్క మాట చెబితే ఈ పూట ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు.

చుట్టూ చూశారు. బండివాళ్ళ చేతుల్లో ముల్లుగర్రలు. పడవవాళ్ళ భుజాల మీద తెడ్లు. అందరూ ఆయనకేసి ఎంతో అభిమానంగా చూస్తున్నారు.

"సెప్పండి బాబూ, మేమున్నాం, బయపడకండి," అన్నాడొకడు వెనకనుంచి.

కింద దాలయ్య హాయిగా గుర్రు పెడుతున్నాడు.

తెరిచిన నోరు మూతపడింది.

"మద్యమే. రాసుకోండి," అని జగన్నాధంగారు రెండు చేతులూ ముందుకి చాపారు.

మూడేళ్ళుగా ఆ ఐదు సీసాల్లోనూ పోస్తున్నది రోజూ పొద్దున్నే ఒకే కుండలో కాచిన, మత్తన్నదే లేని బెల్లం, కరక్కాయ నీళ్ళని ఆ నలభైమంది ముందూ చెప్పడంకంటే, జైలే పదిలమనిపించింది ఆయనకి.