సరే అన్న మనిషి

"సరే బిడ్డా," అన్నాడు కాటమయ్య, దిల్షాద్ ఇంకా నోరు తెరవకముందే.

హాలంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. దిల్షాద్‌కు తల కొట్టేసినట్టయింది.

నల్లగొండలోని ఆ కాలేజీలో పొద్దుటి నుంచీ ఇదే తంతు. ఫ్లోరిన్ నీళ్లు ఎముకల్ని ఏం చేస్తున్నాయో చూడడానికి ఊళ్లకు వెళ్లబోయే పరిశోధకులకు ముందుగా నీతి నియమాల శిక్షణ. మనిషి ఒంట్లోంచి నెత్తురు తీసే ముందు ఎట్లా అడగాలి, ఏమేం చెప్పాలి, అదీ పాఠం. ప్రొఫెసర్ ఫక్రుద్దీన్ గారు పుస్తకాలు పక్కన పెట్టించి, చిట్యాల అవతలి ఊళ్ల నుంచి ఎవరో ఒక మనిషిని తీసుకురమ్మని జీపు పంపారు. డ్రైవర్ కాటమయ్యను తెచ్చాడు. ఒక్కొక్కరూ వచ్చి ఆయన్ను అడగాలి. అంతా ఉత్తుత్తిదే, సూదీ లేదు, మందూ లేదు. కానీ సంగతంతా విడమరిచి చెప్పి, ఆయన నోట ఒక్కసారైనా "వద్దు" అనిపించాలి.

"వద్దనే దారి ఉందని తెలియని మనిషి చెప్పే సరే, సరే కాదు," అన్నారు ప్రొఫెసర్ గారు. వద్దనిపించిన వాళ్లకే సోమవారం బయల్దేరే జట్టులో చోటు.

ఇప్పటిదాకా ఒక్కరి వల్లా కాలేదు. మిగిలింది దిల్షాద్. నారాయణపేటలో ఆమె తండ్రి మగ్గం దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ "మా బిడ్డ డాక్టర్లతోని ఊర్లకు పోతాంది" అని చెప్పేసుకున్నాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

"పెద్దయ్యా, జర నా మాట ఇను. నెత్తురు తీస్తే నొప్పి పుడతది."

"పుట్టనియ్."

"ఎక్స్‌రేకు పట్నం దాకా రావాలె. ఆ రోజు కూలి పోతది."

"పోతే పోనియ్."

"దీంతోని నీకేం ఫాయిదా లేకపోవచ్చు."

కాటమయ్య రెప్పలు ఆర్పాడు. దిల్షాద్‌కు ఆశ పుట్టింది.

"ఏమో, ఉంటదేమో బిడ్డా," అన్నాడాయన మెల్లగా. "సరే, తీస్కోండ్రి."

మళ్లీ నవ్వులు. "ఈరోజు కూలి ఎక్కడ ఎగ్గొడతారోనని భయం పాపం," అన్నాడొకడు.

దిల్షాద్‌కు ఏడుపొక్కటే తక్కువ. "అరె, వద్దంటె నిన్నెవరూ ఏమనరు పెద్దయ్యా! పొద్దున సారు చెప్పిండు గద, నువ్వు ఇన్నవు గద!"

పొద్దున ప్రొఫెసర్ గారు చెప్పింది నిజంగా మనసుకు హత్తుకునే మాటే. "పదేళ్ల కిందట ఒక ఊరికి వెళ్లాం. పేరు చెప్పను, అదీ నియమమే. పసిపిల్లల నెత్తురు చూడాలి. ఊరంతా ఒప్పుకుంది, ఊరి చివర ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటాయన వద్దన్నాడు. మారుమాట లేకుండా దండం పెట్టి వచ్చేశాం. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మిగతా ఇళ్లలో కాళ్లు వంగడం మొదలైన పిల్లలకు మందులిచ్చాం, పట్టీలు కట్టాం. ఈరోజు వాళ్లు బడికి పరుగెత్తుతున్నారు. అయినా నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క ఇంటి గురించే. మనిషి మాటకు మేమిచ్చిన మర్యాద అది."

"ఇన్న బిడ్డా," అన్నాడు కాటమయ్య తల దించుకుని. "అంత ఇన్న. నువ్వడిగినదానికి సరే."

"చాలు దిల్షాద్," అన్నారు ప్రొఫెసర్ గారు. "సోమవారం జట్టు లేదు. మళ్లీ నెలలో ఇంకో శిక్షణ పెడదాం."

టీ ఇచ్చారు. కాటమయ్య తన వంతు బిస్కెట్లు తువ్వాలు కొంగులో కట్టుకుని బయటికి నడిచాడు. పొద్దుటి నుంచీ సందు దొరికితే చాలు, ఇట్లాగే పోతున్నాడు. బీడీ కోసమనుకుంది దిల్షాద్. ఒళ్లు మండి ఆయన వెంటే వెళ్లింది, నాలుగు మాటలు అడిగి కడిగేద్దామని.

వరండా చివర, స్తంభానికి ఆనుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పన్నెండేళ్లుంటాయేమో. మోకాళ్లు ఒకదానికొకటి తగులుకుని, పాదాలు చెరో పక్కకు పోయి ఉన్నాయి. కాటమయ్య బిస్కెట్టు విరిచి ఆమె చేతిలో పెడుతున్నాడు.

"నా బిడ్డ, బిక్షమ్మ," అన్నాడు దిల్షాద్‌ను చూసి. ఆయన ముఖం వెలిగింది. "అందరికి సరే అన్న గద బిడ్డా. ఇగ ఈమెను ఎప్పుడు చూస్తరు?"

దిల్షాద్‌కు కోపమంతా జారిపోయింది. "పెద్దయ్యా, ఇది... ఇది ఉత్తుత్తిదే. మాకు నేర్పెటందుకు. పొద్దుగాల్నే చెప్పిండ్రు గద."

"చెప్పిండ్రు," అన్నాడు. "అయినా ఇంతమంది అడుగుతాండ్రు, ఒక్కలన్న నిజంగ అడుగుతాండ్రేమో అనుకున్న."

దిల్షాద్ ఆ పిల్ల పక్కన కూర్చుని వంగిన కాళ్లను చూసింది. బిక్షమ్మ బిస్కెట్టు నములుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"చిన్నగున్నప్పుడే చూపిస్తే నయమైతుండె గద, పెద్దయ్యా! సారు చెప్పిన ఊరి లెక్క మీ ఊరికి డాక్టర్లు రాలేదా?"

"వచ్చిండ్రు."

"మరి?"

కాటమయ్య వంగి కూర్చున్నాడు. బిక్షమ్మ అలవాటుగా ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. బిడ్డను వీపున ఎత్తుకుని మెల్లగా లేచి, హాల్లోకి చూశాడు. ప్రొఫెసర్ గారు ఎవరికో వేలెత్తి పాఠం చెబుతున్నారు.

"గప్పుడు సారుకు నల్ల గడ్డముండె. నన్ను గుర్తు పట్టలె," అన్నాడు. "ఆ ఒక్క ఇల్లు మాదే, బిడ్డా."