పల్లంలో మొలిచినవి

అడవిలో ఎన్ని రకాల పుట్టగొడుగులున్నాయో చూసి రావాలి. ఆ పని ఆమె అడిగి మరీ వేయించుకుంది. తోడుగా ఇద్దరు అటవీ గార్డులను ఇచ్చారు. అయినా మరిది ఊరుకోలేదు.

“అడవి అంచునే నా ఇల్లు. దారులన్నీ నాకు తెలుసు. బుట్ట నేను మోస్తాను వదినా,” అంటూ వెంట బయల్దేరాడు.

ఆమె సరేనని తలూపింది. ఈ మధ్య అన్నిటికీ తలూపడమే. తిన్నావా అన్నా, నిద్రపోయావా అన్నా.

వాన వెలిసి నేల ఆవిర్లు కక్కుతోంది. ఎండుటాకులు నెట్టడం, ఫొటో తీయడం, చాకుతో మొదలంటా పెకలించి కాగితంలో చుట్టడం. చెవుల్లా ముడుచుకున్నవి, పగడపు కొమ్మల్లా చీలినవి, వేలు తగిలితే చాలు నీలంగా కమిలిపోయేవి. ఒకప్పుడైతే ఎగిరి గంతేసేది. ఇప్పుడు చేతులు పని చేస్తున్నాయి, అంతే.

“ఇది వండుకోవచ్చా వదినా?”

“వండుకో. తిన్నాక మరి ఆకలి వెయ్యదు.”

గార్డులు పగలబడి నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

వాగు దాటాక ఆమె పల్లం వైపు తిరిగింది.

“అటెందుకు? రాళ్ళూ బురదా తప్ప ఏమీ లేవు,” అన్నాడు మరిది.

“ఎప్పుడైనా వచ్చావా ఇటు?”

“లేదు. చూస్తేనే తెలుస్తోందిగా.”

ఆమె దిగింది. పొదల వెనక మంచమంత మేర నేల కుంగి ఉంది. అక్కడ మాత్రమే, పాలిపోయిన గోధుమరంగు గొడుగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ మొలిచాయి. చుట్టుపక్కల ఒక్కటీ లేదు.

“ఏం రకం అవి?” గట్టు మీంచే అడిగాడు మరిది.

“దేహం మట్టిలో కలిసిన చోటు వెతుక్కుని మొలిచే రకం.”

“జింకేదో చచ్చుంటుంది.”

“జింకను ఎవరు పూడ్చిపెడతారు?”

అతను బుట్ట కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె సైగ చేస్తే ఒక గార్డు కర్రతో మట్టి పెళ్ళగించాడు. ఆమె స్వయంగా అల్లిచ్చిన నీలం స్వెట్టరు చెయ్యి ఒకటి పైకొచ్చింది. రెండో గార్డు మెల్లగా వెళ్ళి మరిది పక్కన నిలబడ్డాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. స్వెట్టరుకీ ఒక ఫొటో తీసి, మరిది మీంచి చూపు తిప్పకుండా ఇంటికి ఫోన్ కలిపింది.

“అమ్మా, మీ చిన్నల్లుడు చెప్పింది అబద్ధం. చెల్లి ఎవరితోనూ లేచిపోలేదు.”