రెండో బ్రేకు

"అక్కా, కాలు తియ్యి. ఇది నీ డ్రైవింగ్ స్కూలు కాదు."

"కారు స్కూల్‌దేగా. అందుకే నా వైపు కూడా బ్రేకుంది."

పొద్దున్నుంచీ ఇదే గోల. షికారుకొచ్చి చెరువులో ఈదినా, అడవిలో నడిచినా నా కోపం చల్లారలేదు. ఇప్పుడు కొండ దిగుతుంటే ప్రతి మలుపులోనూ అక్క తన బ్రేకు తొక్కుతోంది.

"నాకు లైసెన్సు వచ్చి వారమైంది. నీ చాదస్తంతో చంపకు."

అక్క చెప్పులు విడిచి, సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది.

తర్వాతి మలుపు మీదికొచ్చేసినా కారు వేగం తగ్గలేదు. కంగారుగా బ్రేకు తొక్కాను. లోయ అంచున రాళ్ల దగ్గర ఆగింది.

అక్క తిట్టలేదు. దాంతో ఇంకా మండింది నాకు.

ఈ కారులో అక్క దగ్గర నేర్చుకున్న మూడు నెలల్లో, మలుపు దగ్గర నేనొక్కసారైనా బ్రేకు తొక్కినట్టు గుర్తులేదు.

"కాళ్లు కిందికి దించు," అన్నాను కటువుగా. "తిమ్మిరెక్కుతాయి."