పన్నెండు డబ్బాలు

“నేను తీసుకపోలేను భాభీ. ఇంకేమన్నా అడుగు,” అన్నాడు నబీ రసూల్, వాకిట్లో దించిన థర్మకోల్ పెట్టె వైపు చూడకుండా.

మైమూన్ పెట్టె మూత తీసింది. లోపల పన్నెండు ప్లాస్టిక్ డబ్బాలు పాత పేపర్లలో చుట్టి ఉన్నాయి. ఒక్కోటీ రాయిలా గడ్డకట్టి ఉంది. మూడు రోజులుగా ఆమెకు వండడం, చల్లార్చడం, డబ్బాలకెత్తడం తప్ప వేరే పని లేదు. ఇంట్లో ఫ్రిజ్ పైఅర చాలక సగం డబ్బాలు వీధి చివర ఐస్‌క్రీం అంగట్లో బతిమాలి పెట్టించింది. చల్లటి డబ్బాలు మార్చి మార్చి పట్టుకుని వేళ్ళ కొసలు పగిలాయి.

సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చిన రసూల్ ఆ సాయంత్రం బెంగళూరు బస్సెక్కాలి. అక్కడినుంచి కువైట్ విమానం. ఆమె మొగుడు జమీర్, రసూల్ మూడేళ్ళ కిందట కలిసే కువైట్ పోయారు. దిగింది కూడా ఒకే గదిలో.

“ఏమిటికి తీసుకపోలేవు?”

“బరువు ఎక్కువైతాది.”

“తూకం ఏయించినా. ఆరు కిలోలే.”

“ఎయిర్‌పోర్టులో పారేస్తారు.”

“పోయిన నెల మా వీధి సనా వాళ్ళ నాయనకు ఇట్లనే పంపించింది. ఎవురూ పారేయలేదంట.”

“కరిగి కంపు కొడతాది భాభీ.”

“కరగదు. టేపు గట్టిగా సుడితే రేపు మధ్యాన్నం దాకా ఇట్లనే ఉంటాదని అంగడాయన చెప్పినాడు.”

ఈ నలభై రోజుల సెలవులో రసూల్ ఒక్కసారి కూడా మైమూన్ ఉండే వీధిలోకి పోలేదు. మసీదుకు సైతం చుట్టు తిరిగి పోయాడు. ఆఖరి రోజున ఆమే వచ్చి అతని వాకిట్లో నిలబడింది.

“చింతచిగురు ఖీమా నాలుగు, దాల్చా నాలుగు, గోంగూర మాంసం నాలుగు,” అంది మైమూన్, డబ్బాలను వేలితో తాకుతూ. “ఖీమా ముందర తినాల. కడమవి నెలున్నా ఏం కాదు. ఆయన బాగుండాడా?”

“బాగుండాడు.”

“నాలుగు నెలలాయె ఫోన్ చేసి.”

“ఎడారిలో డ్యూటీ ఏసినారు. ఆడ సిగ్నల్ ఉండదు.”

“చిక్కిపోయినాడా?”

రసూల్ నేల చూశాడు. “లేదు. బాగనే తింటాండాడు.”

మైమూన్ తల ఊపింది.

లోపలినుంచి రసూల్ తల్లి ఖమర్‌బీ బయటికి వచ్చింది. “ఏందిరా ఇది? మూడు దినాలు పొయ్యి కాడ మాడిన బిడ్డను ఇట్ల నిలబెట్టి మాట్లాడతావా? బరువైతే నేను కట్టిన చెనక్కాయల మూట తీసి ఈడ పెట్టు. ఆ పెట్టె ఎత్తుకో.”

“నీకు తెలీదు, ఊరుకో మా.”

“తెలీకపోతే చెప్పు.”

అతను మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మైమూన్ పెట్టె మూత సరిచేసి, టేపు చివర గోటితో గీకి పట్టుకుని, చుట్టూ చుడుతూ పోయింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు.

“ఇయ్యి భాభీ,” అన్నాడు చివరికి రసూల్. బెంగళూరులో ఎవరైనా ఆకలిగొన్నవాళ్ళకు ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు. ఆ మరుక్షణమే తనమీద తనకే రోత పుట్టింది.

బస్టాండుకు ముగ్గురూ ఒకే ఆటోలో పోయారు. మైమూన్ పెట్టెను కింద పెట్టనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. చలికి ఆమె మోకాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని రసూల్‌కు అర్థమవుతూనే ఉంది. దారి పొడుగునా అతను బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు గానీ తల్లి పక్కనే ఉంది. చెప్పి ఈ మనిషిని నడి బజారులో కూల్చడం ఎట్లా అనుకుని మళ్ళీ మూసుకున్నాడు.

బస్సు సిద్ధంగా ఉంది. పెట్టెను సీటు కింద దోపి, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఖమర్‌బీ దువా చదివి కొడుకు మీద ఊది, నీళ్ళ సీసా కొనుక్కొస్తానని అంగడి వైపు పోయింది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

మైమూన్ కిటికీ కిందికి వచ్చి నిలబడింది. దగ్గరికి వంగమని చేత్తో సైగ చేసింది. రసూల్ ఊచల మధ్యకు మొహం తెచ్చాడు.

“జైల్లో బయటి కూడు లోపలికి పోనిస్తారా భాయ్?” అంది ఆమె మెల్లగా. “పోనిస్తే, నువ్వే వండినావని చెప్పు. నాకు తెలిసిపోయిందని తెలిస్తే ఆ మనిషి ఒక్క ముద్ద కూడా మింగలేడు.”