మామయ్య శ్రుతి

"మామయ్యా, ఇవాళ మీరు పెదాలు మాత్రం కదపండి. గొంతు విప్పకండి," ఆరాధన మొదలవబోతుండగా వడ్రంగి చెవిలో చెప్పింది కోడలు. చర్చి గాయక బృందాన్ని నడిపేది ఆమే.

"అలాగేనమ్మా. పాడొద్దన్నావు గానీ రావొద్దనలేదుగా!" అంటూ వడ్రంగి ఎప్పటిలాగే బృందం ముందు వరుసలో నిలబడ్డాడు. కుర్రతనం నుంచి ఆయన ఒక్క ఆదివారమూ మానలేదు. ఒక్క ఆదివారమూ శ్రుతిలో పాడనూ లేదు.

కోడలు పాట ఎత్తుకుంది. బృందం తియ్యగా అందుకుంది. బల్లల మీది జనం మాత్రం నోరు మెదపలేదు. రెండో చరణం వచ్చినా అటు నుంచి దగ్గులు తప్ప ఏమీ వినపడలేదు.

చరణం అయిపోగానే కోడలు ముందు బల్ల మీదున్న నర్సు వైపు వంగింది. "ఏంటక్కా, ఎవరూ పాడరేం?"

"ఎలా పాడతాం తల్లీ? మీ మామయ్య గొంతు చాటున మా అపశ్రుతులన్నీ చెల్లిపోయేవి. ఆయనే పాడుతుంటే మనకేం సిగ్గు అనుకునేవాళ్లం. ఇవాళ నా గొంతు నాకే వినపడి చచ్చిపోతున్నా!"

ఇన్నాళ్లూ వీళ్లందరి చేతా పాడిస్తున్నది తానేనని కోడలి నమ్మకం. ఆమె వెనక్కి తిరిగింది. వడ్రంగి బుద్ధిగా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

"మామయ్యా, మీరు అందుకోండి."

"ఏ శ్రుతిలో తల్లీ?"

"మీ శ్రుతిలోనే. దేవుడికి అలవాటేగా!"

వడ్రంగి గొంతెత్తాడు. రెండో మాటకే నర్సు అందుకుంది. మూడో మాటకి వెనక బల్లలు కూడా.