బెస్సీ పాస్‌పోర్టు ఫోటో

"కదలకు. ఊపిరి కూడా పీల్చకు," అన్నాడు క్లైవ్.

"నేనెందుకు బిగబట్టాలి? ఫోటో నాకా?" అంది రొవీనా.

నేల మీద తెల్ల దుప్పటి. దాని మధ్యలో మూడు వారాల బెస్సీ. ఆ పిల్లకి అటో కాలు, ఇటో కాలు వేసి, నడుం వంచి, ఫోను పట్టుకుని నిలబడ్డాడు క్లైవ్. బెస్సీ హాయిగా నిద్రపోతోంది.

పాస్‌పోర్టు ఫోటోలో కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి. బెస్సీకి సరిగ్గా తలకిందులుగా అలవాటు. పాలు కూడా కళ్ళు మూసుకునే తాగుతుంది. ఇప్పటికి మూడు ఫోటోలు తిరిగొచ్చాయి. రేపటిలోగా నాలుగోది ఇవ్వకపోతే వాళ్ళు ఆస్ట్రేలియా విమానం ఎక్కలేరు. పరాయి దేశంలో, ఈ టిబిలిసీ ఊళ్ళో, అద్దె ఇంట్లోనే ఇంకో నెల.

రొవీనా బెంగ మాత్రం విమానం గురించి కాదు.

"ఇది నన్ను ఒక్కసారి కూడా చూడలేదు క్లైవ్."

"నన్ను మాత్రం చూసిందా?"

"నీ సంగతి వేరు. నిన్ను చూడకపోయినా నష్టం లేదు. నేను దానికి అమ్మనని ఎలా తెలుస్తుంది? తొమ్మిది నెలలూ విన్నది ఖతునా గొంతేగా."

వాళ్ళ బిడ్డని కడుపున మోసి కన్నది ఖతునా. అద్దె గర్భం కోసం ఏజెన్సీ వాళ్ళు కుదిర్చిన మనిషి, ఈ ఊరి పిల్ల.

"నువ్వు కథ పంపావు కదా?"

పంపింది. అయిదు నెలల కిందట, తనే అల్లిన కథ ఒకటి, తన బొరియకి దారి మరిచిపోయిన వాంబాట్ అనే బొద్దు జంతువు కథ, గొంతులో తేనె కలుపుకుని ఫోనులో రికార్డు చేసి, పొట్ట దగ్గర వినిపించమని ఖతునాకి పంపింది. ఇప్పుడా కథనే రోజుకి ఆరుసార్లు చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ బెస్సీ ఇంకాస్త గాఢంగా నిద్రపోతోంది. క్లైవ్ కూడా.

తలుపు కొట్టకుండానే ఇంటావిడ ఎతేరి లోపలికొచ్చింది, చేతిలో వేడి వేడి జున్ను రొట్టెతో. ముప్ఫై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పిన మనిషి.

"ఇంకా లేవలేదా? కాళ్ళకి మేజోళ్ళేవి? చలిగాలి కొడుతుంది!"

"ఇది ఎండాకాలం టీచరుగారూ," అన్నాడు క్లైవ్.

"గాలికి కాలెండరు తెలుస్తుందా? మేజోళ్ళు తొడుగు."

తొడిగారు. ఎతేరి గరిటెతో మూకుడు వాయించింది. క్లైవ్ వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టు పాట పాడాడు. బెస్సీ ఆవలించింది.

"ఆ పాట వింటే నాకే నిద్రొస్తోంది నాయనా. మీ జట్టు ఎప్పుడైనా గెలిచిందా?" అంది ఎతేరి.

క్లైవ్ వంగి బెస్సీ మేజోళ్ళు సర్దసాగాడు.

అంతలో రొవీనా ఫోను మోగింది. ఆస్ట్రేలియాలో వాళ్ళ పక్కింటి డోరిస్. వాళ్ళ గుమ్మం ముందు చెత్తబుట్ట మూడు వారాలుగా ఎవరూ ఎత్తలేదట. చెట్ల మీద తిరిగే పోసమ్‌లు దిగొచ్చి అందులో కాపురం పెట్టాయట.

రొవీనా మొహం ఎర్రబడింది. చెత్త ఎత్తించాల్సిన కౌన్సిలు ఆఫీసుతో ఆమెకి ఏడాదిగా ఇదే యుద్ధం. వాళ్ళు రేపు మాట మారుస్తారేమోనని ప్రతి ఫోనూ రికార్డు చేసి దాచుకుంటుంది. ఇప్పుడూ రికార్డింగు నొక్కి, నంబరు కలిపింది.

"చూడు నాయనా, ఆ చెత్తబుట్ట మీరు ఎత్తుకెళతారా, లేక నన్నే తెచ్చి మీ గుమ్మంలో బోర్లించమంటారా?"

"రొవీనా!" క్లైవ్ గబుక్కున ఫోను గురిపెట్టాడు. "ఆపకు! అరుస్తూనే ఉండు!"

బెస్సీ కళ్ళు తెరిచింది. ఇంతింత కళ్ళు. నోరు బుద్ధిగా మూసి ఉంది. చూపు తిన్నగా రొవీనా వైపే.

క్లైవ్ పదకొండు ఫోటోలు తీశాడు.

రొవీనా ఫోను పెట్టేసి కూతురి పక్కన చతికిలబడింది. ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది.

"భయపడి తెరిచింది. నా కూతురు నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను గయ్యాళిలా అరుస్తున్నాను."

ఎతేరి రొట్టె ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టింది. "మా అమ్మ అరిస్తే పక్క వీధి కుక్కలు కూడా కూర్చునేవి అమ్మాయ్. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. ఆ అరుపు ఒక్కసారి వినబడితే చాలనిపిస్తుంది. తిను."

రొవీనా తింది గానీ, మనసు కుదుటపడలేదు.

సాయంత్రం ఖతునా వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. బెస్సీ మీదికి వంగి ఏవేవో ముద్దు మాటలు చెప్పింది. బెస్సీ కదల్లేదు. ఖతునా పకపకా నవ్వింది.

"లోపల ఉన్నప్పుడూ ఇంతేనట," ఎతేరి తెలుసుకుని చెప్పింది. "తన గొంతుకి చలనమే ఉండేది కాదట. నీ కథ పెడితే మాత్రం గంతులే గంతులట."

"నా కథకా?"

"రోజూ భోజనాలయ్యాక పెట్టేదట. వాళ్ళాయనా, అత్తగారూ కూడా చుట్టూ చేరి వినేవాళ్ళట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, 'ఆ తల్లి ఎంత ఇదిగా చెబుతోందో' అని అత్తగారు కళ్ళు తుడుచుకునేదట."

"కానీ టీచరుగారూ, అదే కథ రోజూ చెబుతున్నాను. కన్నెత్తి చూడదే!"

ఎతేరి ఆ మాట తమ భాషలోకి మార్చి చెప్పగానే, ఖతునా నమ్మలేనట్టు తల ఊపి, తన ఫోను తీసి, బెస్సీ చెవి పక్కన పెట్టి మీట నొక్కింది.

బెస్సీ కళ్ళు టక్కున తెరుచుకున్నాయి.

ఫోనులోంచి అయిదు నెలల కిందటి రొవీనా గొంతు ఖంగున మోగింది: "చూడు నాయనా, ఆ చెత్తబుట్ట మీరు ఎత్తుకెళతారా, లేదా?"