బొటనవేలి మీట

కొత్తగా వచ్చిన ప్రమీలారాణి టైపు మిషను మీద కాయితం చుట్టిన క్యారేజి ముందుకీ వెనక్కీ పరుగులు తీస్తుంటే, పక్క బల్ల దగ్గరున్న రిబ్కాకు ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి? మూడేళ్ళుగా ఆ ఆఫీసులో తెలుగు టైపిస్టంటే రిబ్కాయే. నిన్నగాక మొన్న బెజవాడ బస్సు దిగిన ఈ పిల్లకు కొత్త మిషను, తనకేమో పాత డొక్కు! పైగా ఇద్దరూ టెంపరరీలే. శనివారం స్పీడు పరీక్ష పెట్టి, ఒక్కరినే పర్మినెంటు చేస్తారట.

తెలుగు మిషనుతో ఒక చిక్కుంది. అక్షరం కొట్టాక కింద వత్తు పడాలంటే క్యారేజిని ఒక గడి వెనక్కి జరపాలి. జరిపే మీట ఎడమ చిటికెన వేలి దగ్గరుంటుంది.

రిబ్కాకు ఆ వేలు వంగదు. చిన్నప్పుడు బండి చక్రం కింద నలిగింది. వత్తు వచ్చినప్పుడల్లా చెయ్యంతా ఎత్తి కొట్టాలి, ఎత్తినప్పుడల్లా స్పీడు తగ్గిపోతుంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే డాక్టరు సర్టిఫికెట్టు దగ్గరే తన పేరు కొట్టేస్తారు.

ఈ ప్రమీలారాణి ఏం చేసిందంటే, మిషన్లు బాగుచేసే నిస్సార్‌ని పిలిపించి స్పేస్ బారు కింద ఒక రేకు ముక్క పెట్టించుకుంది.

"ఏంటే అది?" ఉండబట్టలేక అడిగింది రిబ్కా.

"వెనక్కి జరిపే మీటకి తీగ కట్టించానక్కా. బొటనవేలితో నొక్కితే చాలు, క్యారేజి వెనక్కొస్తుంది. ఒకసారి కొట్టి చూస్తావా?"

"నాకేం అక్కర్లేదు. పరీక్ష ముందు ఈ వేషాలన్నీ నీకే కావాలి!"

ప్రమీలారాణి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూస్తే రిబ్కాకు కడుపు మరింత మండింది.

బుధవారం ఓరకంట చూసిన రిబ్కా బిగుసుకుపోయింది.

ప్రమీలారాణి ఎడమ చిటికెన వేలిని కర్రలా పైకి నిలబెట్టి, మిగతా వేళ్ళతో టకటకా కొడుతోంది. అచ్చం రిబ్కా లాగే!

అమ్మో, కనిపెట్టేసింది! కనిపెట్టి ఊరుకోక వెక్కిరిస్తోంది కూడానా!

రిబ్కా విసురుగా లేచి సూపరింటెండెంటు సీతారామారావు గదిలోకి వెళ్ళింది.

"సార్, ప్రమీల సర్కారు మిషనుకి తీగలూ రేకులూ కట్టి పాడుచేస్తోందండి."

ఆయన ప్రమీలారాణిని పిలిపించాడు.

"ఎవర్నడిగి చేశావమ్మా ఈ పని?"

"అడగలేదండి. తప్పేనండి."

"అసలు ఎందుకు చేయించావు?"

ప్రమీలారాణి ఒక్కసారి రిబ్కా వైపు చూసింది. రిబ్కా ఎడమ చెయ్యి కొంగు చాటుకి లాక్కుంది. అయిపోయింది, ఇప్పుడు వేలి సంగతి బయటపెట్టేస్తుంది!

"సరదాకండి," అంది ప్రమీలారాణి.

"సర్కారు సొత్తుతో సరదానా? రేపట్నుంచి రానక్కర్లేదు!"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని క్యారియరు తీసుకుంది. గడప దగ్గర ఆగి, "శనివారం బాగా కొట్టక్కా," అంది.

ఎంత ఎత్తిపొడుపో అనుకుని రిబ్కా మూతి తిప్పుకుంది. పీడ వదిలిందని ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తింది.

శుక్రవారం నిస్సార్ వచ్చాడు.

"ఆ దరిద్రం తొందరగా పీకెయ్యి నిస్సార్ భాయ్," అంది రిబ్కా.

"పెద్దసారు చెప్పాక పీకాలిగా. కానీ రేపు దీని మీద కొట్టాల్సింది మీరు కదమ్మా!"

"నేనా?"

"పరీక్షనాడు మిషను మీకిచ్చేసి, తను మీ పాతదాని మీద కూర్చుంటానంది. ముందసలు ఈ రేకు మీ మిషనుకే పెట్టమంది. దాని స్ప్రింగు తట్టుకోదని నేనే ఒద్దన్నా. మీ వేలి సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం రాదని, నాచేత ఒట్టు కూడా వేయించుకుంది."

రిబ్కాకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఒక్క మంట ఇంకా చల్లారలేదు.

"మరి నాలాగా వేలు పైకెత్తి వెక్కిరించడమెందుకు?"

నిస్సార్ తీగ విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"వెక్కిరింతేంటమ్మా! ఆ వేలు లేకపోతే చెయ్యి ఎక్కడ తడబడుతుందో తను కొట్టి చూసి, మీ బొటనవేలికి అందేదాకా ఈ రేకు నాచేత నాలుగుసార్లు జరిపించింది."